జలాంతర్గామి ప్రమాదాలు, వాటి మీద వచ్చిన సినిమాలు

నిజంగా జరిగిన జలాంతర్గామి ప్రమాదాల ఆధారంగా ఉత్కంఠభరిత చిత్రాలు తీయడం మూకీల చివరి రోజుల నుంచే ఉంది. అమెరికా, బ్రిటన్, జర్మనీ, రష్యాలతో పాటు మన తెలుగు పరిశ్రమ కూడా ఈ కోవలో చెప్పుకోదగ్గ సినిమా తీసింది. వీటిని వరసపెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. శాంతికాలంలో మునిగిన జలాంతర్గాముల్లో చాలావాటిని ముంచింది శత్రువు కాదు. మూసుకోని వాల్వు, పగిలిన గొట్టం, కారిన ఇంధనం, రంధ్రానికి అడ్డుపడ్డ రంగు. సినిమాకేమో ఎదురుగా ఒక శత్రువు ఉంటే పని తేలికవుతుంది. చనిపోయినవాళ్ల పట్ల నిజాయితీగా ఉంటూ, టికెట్ కొన్నవాణ్ని కుర్చీలో కట్టిపడేయడం ఎలా అన్న చిక్కుముడిని ఒక్కో దర్శకుడూ ఒక్కోలా విప్పాడు. కొందరు విప్పలేక తెంపేశారు.

జలాంతర్గామి లోపల

ఈ సినిమాలు అర్థం కావాలంటే ముందు ఆ ఇరుకు అర్థం కావాలి. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా మారిన ఐఎన్‌ఎస్ కురుసుర ఆ పనికి చక్కగా పనికొస్తుంది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి ఇది. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో సేవ ముగించి, 2002 ఆగస్టు నుంచి సందర్శకులను లోపలికి రానిస్తోంది. పొడవు 91 మీటర్ల పైమాటే. బయట నుంచి చూస్తే పెద్ద తిమింగలంలా ఉంటుంది. లోపలికి అడుగుపెట్టాక ఎదురుగా మనిషి వస్తే పక్కకి తిరిగి నిలబడాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప తలుపులోంచి ముందు ఒక కాలు, తరవాత వంచిన తల, ఆ తరవాత రెండో కాలు పెట్టాలి. గోడంటూ ఎక్కడా కనపడదు, అంతా గొట్టాలు, చక్రాలు, మీటర్లు. టార్పెడోల పక్కనే పడకలు. సుమారు 75 మంది అందులో వారాల తరబడి బతికేవాళ్లు.

ఆ గుండ్రటి తలుపే ఈ కథలన్నిటికీ మూలం. ఒక గదిలోకి నీళ్లొస్తే మిగతా గదులు దక్కాలంటే తలుపు మూసెయ్యాలి. మూసినప్పుడు అవతల మనుషులుంటే? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కెప్టెన్‌కు దొరికేది కొన్ని క్షణాలే. ఏ రచయితా కల్పించనక్కర్లేని నాటకం అది.

ఇక నీటి బరువు. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. నూరు మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు దాదాపు పది కిలోల బరువు మీద పడుతుంది. లోపలి మనుషులు తలుపు తెరుచుకుని పైకి ఈదుకుంటూ వచ్చేయలేరు. గాలి సంగతికొస్తే, బిగిసిన గదిలో ముందుగా ప్రాణం మీదికి తెచ్చేది ఆక్సిజన్ తరగడం కాదు, వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. తల పగిలేంత నొప్పి, ఆయాసం, మత్తు, ఆపైన నిద్ర. తెర మీద ఇది చూపించడం కష్టం. అందుకే మంచి దర్శకులు దీన్ని మాటల మధ్య పెరిగే ఎడంతో, పట్టిన చెమటతో చూపించారు. నాసిరకం దర్శకులు గొట్టం పగలగొట్టి నీళ్లు చిమ్మించి ఊరుకున్నారు.

అన్నిటికన్నా శబ్దం ముఖ్యం. నీటి కింద కిటికీ లేదు, కళ్లు పనిచేయవు. సోనార్ దగ్గర కూర్చున్నవాడి చెవులే నౌకకంతటికీ కళ్లు. పైన తిరిగే నౌక ప్రొపెల్లర్ చప్పుడు, లోహం మీద తగిలే సోనార్ టింగుమనే మోత, లోతు పెరిగేకొద్దీ ఉక్కు మూలిగే శబ్దం, ఇవి మూడూ లేని జలాంతర్గామి సినిమా లేదు.

తొలి చిత్రాలు, 1939 నాటి మూడు విషాదాలు

1927 డిసెంబరు 17న అమెరికాలోని మసాచుసెట్స్ తీరాన ప్రావిన్స్‌టౌన్ దగ్గర ఎస్-4 అనే జలాంతర్గామి నీటి పైకి తేలుతుండగా కోస్ట్ గార్డ్ నౌక పాల్డింగ్ వచ్చి ఢీకొట్టింది. 40 మంది పోయారు. ముందు భాగంలోని టార్పెడో గదిలో ఆరుగురు బతికే ఉన్నారు. కిందికి దిగిన డైవర్లు బయట నుంచి సుత్తితో కొడితే, వాళ్లు లోపల నుంచి మోర్స్ సంకేతాల్లో కొట్టి జవాబిచ్చారు. తుపాను వల్ల సహాయం ఆగిపోయింది. కొన్నాళ్లకు ఆ చప్పుడూ ఆగిపోయింది. దేశమంతా పత్రికల్లో ఈ వార్త చదివి కుమిలిపోయింది. మరుసటి ఏడాదే, 1928లో, ఫ్రాంక్ కాప్రా కొలంబియా సంస్థకు 'సబ్‌మెరైన్' తీశాడు. మునిగిన నౌకలో చిక్కుకున్నవాళ్లను ఒక డైవర్ కాపాడే కథ అది. ఆ సంస్థ నుంచి శబ్దాలు జోడించి విడుదల చేసిన మొదటి సినిమా కూడా అదే. నిజంలో అందని సహాయం తెర మీద అందింది. ప్రేక్షకులకు ఆ ఊరట అవసరమైంది కాబోలు.

1939లో మూడు వారాలు కాస్త అటూ ఇటూగా మూడు దేశాలు ఒక్కో జలాంతర్గామిని పోగొట్టుకున్నాయి. మే 23న అమెరికా స్క్వాలస్, జూన్ 1న బ్రిటన్ థెటిస్, జూన్ 15న ఫ్రాన్స్ ఫీనిక్స్. ఇంకా రెండో ప్రపంచ యుద్ధం మొదలుకాలేదు.

స్క్వాలస్ కథలో ఊరట ఉంది. న్యూహాంప్‌షైర్ తీరాన పరీక్షకు మునుగుతుండగా ఇంజిన్‌కు గాలి అందించే పెద్ద వాల్వు తెరిచే ఉండిపోయింది. కంట్రోల్ గదిలోని దీపాల పట్టీ మాత్రం అన్నీ మూసుకున్నాయని పచ్చగా వెలుగుతోంది. వెనక గదులు నిండిపోయి 26 మంది చనిపోయారు. సుమారు 74 మీటర్ల లోతులో నేల మీద కూర్చున్న నౌకలో 33 మంది మిగిలారు. గంట ఆకారంలో ఉండే రక్షణ గదిని తాడు మీద కిందికి దింపి, నాలుగు విడతల్లో ఆ 33 మందినీ పైకి తెచ్చారు. ఆ పరికరం వెనక ఉన్న మనిషి ఛార్లెస్ మామ్‌సెన్. మునిగిన జలాంతర్గామి నుంచి మనుషులను బతికించడం కుదురుతుందని, పైఅధికారులు పట్టించుకోని రోజుల్లోనే నమ్మి ఏళ్ల తరబడి పనిచేసినవాడు. 2001లో వచ్చిన 'సబ్‌మర్జ్‌డ్' అనే టెలివిజన్ చిత్రంలో శామ్ నీల్ ఆ పాత్ర వేశాడు. గొప్ప సినిమా అనలేం. కానీ ఈ కోవలో మొత్తానికి మొత్తంగా ఇంజనీరే కథానాయకుడైన అరుదైన చిత్రం, ఆ కారణంగానే చూడదగ్గది.

థెటిస్ కథ మరోలాంటిది. లివర్‌పూల్ బేలో తొలి పరీక్ష రోజు. నౌకాదళంవాళ్లతో పాటు షిప్‌యార్డు పనివాళ్లు, పరిశీలకులు కలిసి మొత్తం 103 మంది ఎక్కారు, మామూలుకన్నా దాదాపు రెట్టింపు. టార్పెడో గొట్టంలో నీళ్లున్నాయో లేవో తెలుసుకోవడానికి లోపలి తలుపుకు ఒక చిన్న పరీక్ష కుళాయి ఉంటుంది. దాన్ని తిప్పితే నీళ్లు చిమ్మాలి. చిమ్మలేదు కాబట్టి గొట్టం ఖాళీ అనుకుని తలుపు తీశారు. ఎదురుగా సముద్రం. ఆ కుళాయి రంధ్రానికి రంగు గడ్డకట్టి అడ్డుపడింది. ఎవరో పనివాడు తలుపుకు రంగు వేసినప్పుడు, ఎండక ముందు ఒక పుల్లతో ఆ రంధ్రం పొడిచి ఉంటే సరిపోయేది. నలుగురు మాత్రం బయటపడ్డారు, 99 మంది లోపలే ఉండిపోయారు. నౌక వెనక భాగం నీటి పైకి పొడుచుకుని, చుట్టూ పడవల్లోని జనం చూస్తుండగానే ఇదంతా జరిగింది. తరవాత థెటిస్‌ను పైకి తీసి, బాగుచేసి, థండర్‌బోల్ట్ అని పేరు మార్చి యుద్ధానికి పంపారు. 1943లో అది మళ్లీ మునిగింది.

ఈ నేపథ్యం బ్రిటిష్ ప్రేక్షకుల మనసులో ఉండగానే 1950లో రాయ్ బేకర్ 'మార్నింగ్ డిపార్చర్' తీశాడు. మూలం ఒక రంగస్థల నాటకం. పాత యుద్ధకాలపు మైన్ తగిలి జలాంతర్గామి అడుక్కి చేరుతుంది. పన్నెండు మంది బతికి ఉంటారు, ఎనిమిది మందికే బయటపడే దారి. జాన్ మిల్స్ కెప్టెన్. సినిమా పూర్తయి విడుదలకు సిద్ధమవుతుండగా 1950 జనవరి 12న థేమ్స్ నది ముఖద్వారంలో ట్రక్యులెంట్ అనే నిజమైన జలాంతర్గామిని ఒక స్వీడిష్ ట్యాంకర్ ఢీకొట్టింది. 64 మంది మరణించారు. సినిమా విడుదల చేయాలా వద్దా అన్న మీమాంస తరవాత, ఆ నావికులకు నివాళిగా ఒక మాట ముందు జోడించి విడుదల చేశారు. చిత్రంలో చివరికి మిగిలిన నలుగురినీ ఎవరూ కాపాడరు. అరుపులు, గుండెలు బాదుకోవడం లేకుండా, ఉన్నవాళ్లు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. 75 ఏళ్లు దాటినా ఆ ముగింపు ముందు తరవాతి సినిమాలు చాలావరకు తేలిపోతాయి.

యుద్ధకాలపు కథలు

యుద్ధంలో మునిగిన నౌకను ప్రమాదం అనడం ఎంతవరకు సబబో గానీ, వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1981లో తీసిన 'దాస్ బోట్' లేకుండా ఈ వ్యాసం పూర్తికాదు. జర్మన్ యు-బోట్లలో పనిచేసిన దాదాపు 40 వేల మందిలో సుమారు 30 వేల మంది తిరిగి రాలేదు. అంతకన్నా పెద్ద నౌకా విషాదం ఏముంటుంది? లోథార్-గుంటర్ బుఖ్‌హైమ్ అనే యుద్ధ విలేకరి 1941లో యు-96లో ప్రయాణం చేశాడు. ఆ అనుభవంతో 1973లో నవల రాశాడు. సినిమాకు అదే మూలం.

మ్యూనిక్‌లోని బవేరియా స్టూడియోలో నిజమైన కొలతలతో నౌక లోపలి భాగాన్ని కట్టి, అటూ ఇటూ ఒరిగే యంత్రం మీద నిలబెట్టారు. ఛాయాగ్రాహకుడు యోస్ట్ వకానో చేతిలో పట్టుకుని పరిగెత్తగలిగేలా కుదుపు తట్టుకునే కెమెరా తయారుచేసుకున్నాడు. ముందు భాగాన్ని బరువు చేయడానికి నావికులంతా గుండ్రటి తలుపుల్లోంచి దూకుతూ పరిగెత్తుతుంటే కెమెరా కూడా వాళ్లతో దూకుతుంది. చిత్రీకరణ కథ వరస ప్రకారమే సాగింది కాబట్టి నటుల గడ్డాలు నిజంగానే పెరిగాయి, ఎండ సోకని మొహాలు నిజంగానే పాలిపోయాయి. ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. మూల రచయిత బుఖ్‌హైమ్‌కు మాత్రం సినిమా నచ్చలేదు, తన యుద్ధ వ్యతిరేకత పలచబడిందని బాధపడ్డాడు. చివర్లో నౌక ఫ్రాన్స్ రేవులో వైమానిక దాడికి మునుగుతుంది. నిజమైన యు-96 కూడా వైమానిక దాడికే మునిగింది, కానీ 1945 మార్చిలో, జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవులో. సినిమా చోటూ కాలమూ మార్చింది గానీ సారం మార్చలేదు. ఈ తేడా ముఖ్యం.

సారమే మార్చేసిన ఉదాహరణ 2000లో వచ్చిన 'యు-571'. జర్మన్ యు-110 నుంచి ఎనిగ్మా యంత్రాన్ని, సంకేత పుస్తకాలను 1941 మే నెలలో చేజిక్కించుకున్నది బ్రిటిష్ నౌక బుల్‌డాగ్ సిబ్బంది. అప్పటికి అమెరికా యుద్ధంలోకే రాలేదు. హాలీవుడ్ ఆ సాహసాన్ని అమెరికన్ల ఖాతాలో వేసింది. బ్రిటన్ పార్లమెంటులో నిరసన వ్యక్తమైంది, ప్రధాని టోనీ బ్లెయిర్ కూడా దానితో ఏకీభవించారు. నిజమైన యు-571 ఎవరికీ పట్టుబడలేదు. 1944 జనవరిలో ఐర్లాండ్‌కు పడమరగా ఒక విమాన దాడిలో 52 మంది సిబ్బందితో సహా మునిగింది. ఆ పేరు వాడుకున్న సినిమాలో వాళ్ల ఊసే లేదు. సినిమాగా బిగువుగా ఉంటుంది, కాదనలేం. చరిత్రకు మాత్రం అన్యాయం చేసింది.

ప్రచ్ఛన్న యుద్ధం: దాచిన మరణాలు

సోవియట్ నౌకాదళం తన ప్రమాదాలను దశాబ్దాల పాటు రహస్యంగా ఉంచింది. 1991 తరవాత బతికున్నవాళ్లు నోరు విప్పాక సినిమాలకు దారి దొరికింది.

1961 జులై 4. ఉత్తర అట్లాంటిక్‌లో విన్యాసాల్లో ఉన్న కె-19 అనే అణు జలాంతర్గామిలో రియాక్టరును చల్లబరిచే వ్యవస్థలో గొట్టం పగిలింది. దానికి ప్రత్యామ్నాయ వ్యవస్థ అమర్చకుండానే నౌకను సముద్రంలోకి పంపేశారు. వేడి పెరుగుతూ పోతోంది. కెప్టెన్ నికొలాయ్ జాతేయెవ్ ముందున్న దారి ఒక్కటే: మనుషులు రియాక్టరు గదిలోకి వెళ్లి, ఉన్న గొట్టాలు కోసి, అతికించి, తాత్కాలికంగా నీళ్లు పారేలా చేయాలి. రేడియేషన్ నుంచి కాపాడే దుస్తులు లేవు. రెయిన్‌కోట్లు, గ్యాస్ మాస్కులు వేసుకుని వంతులవారీగా లోపలికి వెళ్లారు. పని జరిగింది, వేడి తగ్గింది. అతుకు వేసిన ఎనిమిది మందీ మూడు వారాల్లోపే చనిపోయారు. ఆ తరవాత నావికులు ఆ నౌకను హిరోషిమా అని పిలుచుకున్నారు.

క్యాథరిన్ బిగెలో 2002లో దీన్ని 'కె-19: ది విడోమేకర్' పేరుతో తీసింది. హారిసన్ ఫోర్డ్ కెప్టెన్, లియామ్ నీసన్ అతని కింది అధికారి. తొలి స్క్రిప్టు చదివిన కె-19 పాత నావికులు తమను తాగుబోతులుగా, చేతకానివాళ్లుగా చూపిస్తున్నారని అభ్యంతరం చెప్పారు. కొంత మార్చారు. పాత్రల పేర్లూ మార్చారు. ఇద్దరు అధికారుల మధ్య పట్టుదలలు, తుపాకులతో తిరుగుబాటు లాంటివి సినిమా కోసం పెంచినవే. అసలు కెప్టెన్ తిరుగుబాటు భయంతో నౌకలోని చిన్న ఆయుధాలను చాలావరకు సముద్రంలో పారేయించాడు. ఆ నిజమే ఇంకా బలంగా ఉంది కదా అనిపిస్తుంది. కానీ రియాక్టరు గదిలోకి వెళ్లే కుర్రాళ్ల దృశ్యాలు మాత్రం మర్చిపోలేం. లోపలికి వెళ్లేటప్పుడు ఒకడి చేతులు వణుకుతాయి. బయటికొచ్చాక మొహం ఎర్రగా కందిపోయి, వాంతులవుతూ, నిలబడలేక జారిపోతాడు. బయట వరసలో నిలబడ్డ తరవాతివాడు అదంతా చూస్తాడు. చూసి కూడా వెళ్తాడు. సినిమా మొత్తానికి గుండెకాయ ఆ చూపే. హాలీవుడ్ డబ్బుతో తీసిన సినిమాలో ఒక్క అమెరికన్ వీరుడు లేకపోవడం అప్పట్లో సాహసమే. పెట్టుబడి మాత్రం తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కె-19లో ఆ రోజు ఉన్న అధికారుల్లో వసీలీ అర్ఖిపొవ్ ఒకరు. మరుసటి ఏడాది క్యూబా క్షిపణి సంక్షోభంలో బి-59 అనే జలాంతర్గామిలో అణు టార్పెడో ప్రయోగించడానికి ఒప్పుకోని అర్ఖిపొవ్ ఆయనే. రేడియేషన్ మనుషులను ఏం చేస్తుందో కళ్లారా చూసినవాడు కాబట్టి అన్న ఊహ ఎవరికైనా కలుగుతుంది.

1986 అక్టోబరు 3న బెర్ముడా దగ్గర కె-219లో క్షిపణి గొట్టంలోకి సముద్రపు నీరు చేరి, ఇంధనంతో కలిసి పేలింది. రియాక్టరు తనంతట తాను ఆగలేదు. ఇరవై ఏళ్ల నావికుడు సెర్గెయ్ ప్రెమినిన్ ఆ వేడిలోకి వెళ్లి చేత్తో తిప్పి రియాక్టరును ఆపాడు. తిరిగి రాబోతే రెండు గదుల మధ్య పీడనంలో తేడా వల్ల తలుపు తెరుచుకోలేదు. అవతల తోటివాళ్లు ఎంత లాగినా రాలేదు. అతను లోపలే చనిపోయాడు. 1997లో రష్యా అతనికి మరణానంతరం దేశ అత్యున్నత బిరుదు ఇచ్చింది. అదే ఏడాది బీబీసీ, హెచ్‌బీఓ కలిసి 'హోస్టైల్ వాటర్స్' ప్రసారం చేశాయి. అమెరికన్ జలాంతర్గామి తగలడం వల్లే ప్రమాదం జరిగిందన్న వాదనను ఆ చిత్రం తీసుకుంది. అమెరికా నౌకాదళం దాన్ని ఖండించింది. రుట్గర్ హావర్ పోషించిన కెప్టెన్ ఇగొర్ బ్రిటానొవ్, తనను అడగకుండా తన కథ వాడుకున్నారని, తనను చేతకానివాడిలా చూపారని వార్నర్ బ్రదర్స్ మీద దావా వేసి నెగ్గాడు. బతికున్న మనిషి కథ తీసేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది.

1968 మార్చిలో పసిఫిక్‌లో 98 మందితో మాయమైన కె-129 మీద 2013లో 'ఫాంటమ్' వచ్చింది. ఊహాగానం పాలు చాలా ఎక్కువ. దాన్ని శాన్ డియాగోలోని ఒక పాత ఫాక్స్‌ట్రాట్ జలాంతర్గామి లోపలే తీశారు. అంటే మన కురుసుర తోబుట్టువులోనే. అసలు కథ ఆ సినిమాకన్నా వింతైనది. సీఐఏ 1974లో గ్లోమర్ ఎక్స్‌ప్లోరర్ అనే నౌకను పంపి కె-129లో ఒక భాగాన్ని రహస్యంగా పైకి లాగింది. అందులో దొరికిన ఆరుగురి దేహాలను సైనిక మర్యాదలతో సముద్రంలో ఖననం చేసి, చిత్రీకరించి పెట్టింది. 1992లో ఆ ఫిల్మును రష్యాకు అందజేశారు. ఎవరైనా ఎప్పటికైనా తీయాల్సిన సినిమా అది.

కుర్స్క్

2000 ఆగస్టు 12 ఉదయం బేరెంట్స్ సముద్రంలో విన్యాసాలు. రష్యా జలాంతర్గామి కుర్స్క్ పొడవు 154 మీటర్లు, అందులో 118 మంది. టార్పెడోలో ఇంధనంగా వాడే గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్ కారి పేలింది. 1955లో సైడన్ అనే బ్రిటిష్ జలాంతర్గామిలో ఇదే రకం ఇంధనం పేలి 13 మంది చనిపోయాక బ్రిటన్ దాన్ని మానుకుంది. రష్యా మానలేదు. మొదటి పేలుడు తరవాత 2 నిమిషాల 15 సెకన్లకు మిగతా టార్పెడోలు పేలి ముందు భాగమంతా నుజ్జయింది. 108 మీటర్ల లోతులో నౌక నేలకు తాకింది. నిలువుగా నిలబెడితే నీటి పైకి కనిపించేంత తక్కువ లోతు.

వెనక ఉన్న తొమ్మిదో గదిలో 23 మంది బతికి చేరుకున్నారు. 27 ఏళ్ల దిమిత్రి కొలెస్నికొవ్ అనే అధికారి వాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాశాడు. దీపాల్లేవు. చీకట్లో వేళ్లతో తడుముకుంటూ, వంకర పోతున్న అక్షరాలతో, భార్యకు కూడా రెండు మాటలు రాసి జేబులో పెట్టుకున్నాడు. అక్టోబరులో దేహాన్ని బయటికి తెచ్చినప్పుడు ఆ కాగితం దొరికింది. ఎంతమంది ఎక్కడ చనిపోయారన్న ప్రభుత్వ వాదనలను కాలిన, నానిన ఆ చీటీ కొట్టిపారేసింది.

రష్యా చిన్న జలాంతర్గాములు మళ్లీ మళ్లీ ప్రయత్నించి విఫలమయ్యాయి. విదేశీ సహాయానికి ఒప్పుకునేసరికి ఆగస్టు 16 వచ్చింది. 21న నార్వే డైవర్లు తలుపు తెరిచి చూస్తే లోపలంతా నీళ్లు.

డెన్మార్క్ దర్శకుడు థామస్ వింటర్‌బర్గ్ 2018లో తీసిన 'కుర్స్క్' పాత్రికేయుడు రాబర్ట్ మూర్ పుస్తకం ఆధారంగా వచ్చింది. మథియాస్ షోనార్ట్స్ పాత్రకు ప్రేరణ కొలెస్నికొవ్. పేరు మార్చారు. సినిమాలో జీతాలందని నావికులు స్నేహితుడి పెళ్లి ఖర్చుకు చేతి గడియారాలు ఇచ్చేస్తారు. అలా మొదట్లోనే ఆ నౌకాదళం ఆర్థిక దుస్థితి ఒక్క ఉపన్యాసం లేకుండా అర్థమవుతుంది. ఒడ్డున ఉన్నంతసేపు తెర ఇరుగ్గా ఉండి, నౌక సముద్రంలోకి వెళ్లగానే రెండు పక్కలకూ విచ్చుకుంటుంది. మునిగిన గదిలోంచి ఆక్సిజన్ డబ్బాలు తేవడానికి ఇద్దరు ఊపిరి బిగబట్టి ఈదే దృశ్యంలో మనకు తెలియకుండానే మన ఊపిరి ఆగుతుంది. ఆ డబ్బాల్లో ఒకటి నూనె తేలే నీళ్లలో పడి అంటుకోవడమే చివరివాళ్ల ప్రాణం తీసిందని నిపుణులు తేల్చారు. సినిమా కూడా అక్కడికే తీసుకెళ్తుంది.

లోపాలున్నాయి. లోపలివాళ్లు నిజంగా బతికినది గంటలేనని రష్యా దర్యాప్తు చెప్పింది, సినిమా దాన్ని రోజులకు సాగదీసింది. రష్యన్లంతా ఇంగ్లీషులో మాట్లాడతారు. అప్పుడు సోచిలో సెలవులో ఉన్న పుతిన్ పాత్ర ఎక్కడా కనిపించదు, తప్పంతా ఒక ముసలి అడ్మిరల్ మొహం మీదికి వస్తుంది. ఆ పాత్ర వేసిన మాక్స్ వాన్ సిడో 'హోస్టైల్ వాటర్స్'లోనూ సోవియట్ అడ్మిరలే. అయినా భార్యాబిడ్డల వైపు నుంచి ఈ ప్రమాదాన్ని ఇంత ఓపిగ్గా చూసిన చిత్రం మరొకటి లేదు.

రష్యాలో 2004లో వ్లదీమిర్ ఖొతినెంకో '72 మీటర్లు' తీశాడు. కుర్స్క్ కథ అని ఎక్కడా చెప్పకపోయినా నాలుగేళ్ల కిందటి గాయం చూసేవాళ్లకు గుర్తురాకుండా ఉండదు. అందులోనూ ప్రమాదానికి కారణం పాత యుద్ధకాలపు మైనే.

ఘాజీ

ఈ శాఖలో తెలుగువాళ్ల చోటు 2017 ఫిబ్రవరి 17న విడుదలైన 'ఘాజీ'. హైదరాబాదు దర్శకుడు సంకల్ప్ రెడ్డికి మొదటి సినిమా. విశాఖ వచ్చి కురుసుర చూశాక మొలకెత్తిన కథ. పీవీపీ సినిమా, మ్యాటినీ ఎంటర్‌టైన్‌మెంట్ నిర్మించాయి. తెలుగు, హిందీ రెండింటిలోనూ తీశారు. రానా, కేకే మేనన్, అతుల్ కులకర్ణి నౌకాధికారులు. తెలుగులో చిరంజీవి, హిందీలో అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యానం చెప్పారు. పాటల్లేవు. దాదాపు సినిమా అంతా ఇనుప గొట్టం లోపలే. తెలుగు ప్రేక్షకుడు దాన్ని ఆదరించాడు, తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారమూ వచ్చింది.

అసలు చరిత్ర ఇది. పీఎన్‌ఎస్ ఘాజీ ఒకప్పటి అమెరికన్ జలాంతర్గామి డయాబ్లో. 1964లో పాకిస్తాన్‌కు చేరింది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరి, విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ సహా 90 మందికి పైగా సిబ్బంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు తప్పించి, అది విశాఖ చుట్టుపక్కలే ఉన్నట్టు రేడియో సందేశాలతో భ్రమ కల్పించారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ను విక్రాంత్‌గా నటించమన్నారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖవాసులు పెద్ద పేలుడు విన్నారు, కొన్ని ఇళ్ల కిటికీ అద్దాలు పగిలాయి. తెల్లవారాక జాలర్లకు శకలాలు దొరికాయి.

ఘాజీని రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జులే ముంచాయని భారత్ చెబుతుంది. తను పరిచిన మైన్లే పేలాయని, లేదా లోపలే ప్రమాదం జరిగిందని పాకిస్తాన్ అంటుంది. పేలుడు లోపల్నుంచి మొదలై ఉండవచ్చని మన మాజీ అధికారుల్లోనూ కొందరు అభిప్రాయపడ్డారు. సినిమా ఈ మూడింటినీ పక్కన పెట్టి, ఎస్-21 అనే భారత జలాంతర్గామి ఘాజీతో నీటి అడుగున తలపడి ముంచినట్టు కల్పించింది. కల్పన అని ముందే చెప్పింది కాబట్టి మోసం కాదు. కానీ పాతబడ్డ నౌకను ఎరగా పెట్టి, తప్పుడు సందేశాలు పంపి, చీకట్లో గురి చూడకుండా డెప్త్ ఛార్జులు జారవిడిచిన నిజం ముందు, దేశభక్తి గీతం పాడి శత్రువును రెచ్చగొట్టే ముగింపు వెలితిగానే ఉంటుంది. మైన్ తగిలి ఎస్-21 అడుక్కి చేరిన తరవాత నిశ్శబ్దంగా సాగే ఘట్టాలే ఈ సినిమాకు బలం. టార్పెడోల లెక్కలు, బ్యాలస్ట్ ట్యాంకుల తిప్పలు, సోనార్ దగ్గర చెవి పెట్టిన మొహాలు తెలుగు తెరకు అంతకు ముందు తెలియవు. ఆ ధైర్యానికి సంకల్ప్ రెడ్డిని మెచ్చుకోవాలి.

ఇంకా తెర ఎక్కని కథలు చాలా ఉన్నాయి. 1963లో 129 మందితో మునిగిన అమెరికా థ్రెషర్, 1968లో 99 మందితో మునిగిన స్కార్పియన్, 2017లో 44 మందితో మునిగిన అర్జెంటీనా సాన్ హువాన్, 2021లో 53 మందితో మునిగిన ఇండోనేసియా నంగాలా. మన దేశంలో 2013 ఆగస్టు 14న ముంబై నౌకాశ్రయంలోనే పేలి 18 మందిని బలిగొన్న సింధురక్షక్. వీటిలో ఏ ఒక్కదానికీ శత్రువు అక్కర్లేదు.

2024లో భారత నౌకాదళపు లోతైన జలాల రక్షణ వాహనం విశాఖ తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఘాజీ శకలాలను గుర్తించినట్టు వార్తలొచ్చాయి. అందులో ప్రాణాలు వదిలినవాళ్ల మీద గౌరవంతో దాన్ని తాకకుండా అలాగే వదిలేశారు.